జాబితాలో ముందెవరు?

కొన్నేళ్ల కిందట సంక్రాంతికి మా మేనల్లుడు విశాఖ వచ్చాడు. అతను విమానం నడుపుతాడు. భోగినాడు ఇంటిల్లిపాదీ మంట చుట్టూ చేరివుంటే అతనొక్కడూ డాబామీద కూచుని ఫోను చూసుకుంటున్నాడు. పైకి వెళ్లి సంగతేమిటని అడిగితే మాట్లాడకుండా ఫోను నా చేతికిచ్చాడు. అందులో వరసగా పేర్లూ, వాటి ఎదుట అంకెలూ వున్నాయి.

"నా నంబరు చూడు మావయ్యా," అన్నాడు.

అతను తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్న చిన్న విమాన కంపెనీని ఒక పెద్ద కంపెనీ కొన్నది. రెండు కంపెనీల పైలట్లనూ ఒకే సీనియారిటీ జాబితాలోకి ఎక్కిస్తున్నారు. పాత కంపెనీలో అతనికి ముందు నలభైమంది వుండేవారు. మరొక ఏడాదిలో కెప్టెన్ కావలసినవాడు. కొత్త జాబితాలో అతని ముందు ఆరువందల పైచిలుకు మంది వున్నారు. వారిలో నిన్నగాక మొన్న చేరినవారు కూడా వున్నారు.

నాకు వెంటనే జాలి కలగలేదని ఒప్పుకోవాలి. నెలకు లక్షలు సంపాదించేవాడికి ఇదొక కష్టమా అనుకున్నాను. ముప్ఫయ్యేళ్లు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పినవాణ్ణి. శ్రమశక్తిని అమ్ముకొని బతికేవాడు కార్మికుడని ఎన్ని తరగతులకు చెప్పానో లెక్కలేదు. కాని ఆ కార్మికుడు తెల్లచొక్కా భుజాలమీద బంగారుపట్టీలు వేసుకుని ఎదురుగా కూచుంటే పాఠం మరిచిపోయాను. దాన్ని గుర్తుచేసింది ఏ పుస్తకమూ కాదు, మా నాన్న నంబరు.

మా నాన్న విశాఖ రేవులో పనిచేసేవాడు. ఓడ కడుపులో దిగి బస్తాలెత్తడం ఆయన పని. 1933లో రేవు తెరిచిన నాటినుంచీ అక్కడ కూలికి పిలుపు మేస్త్రీ వేలిచివర వుండేది. తెల్లవారేసరికి గేటు దగ్గర మూగిన జనంలో మేస్త్రీ వేలు ఎవరివైపు చూపితే వారికి ఆరోజు అన్నం. మేస్త్రీ వూరివాడికి పని. మేస్త్రీ దగ్గర అప్పుతిన్నవాడికి పని. ఎదురు మాట్లాడినవాడికి వారం రోజులు పస్తు. రేవు కార్మికుల ఉపాధిని క్రమబద్ధం చెయ్యటానికి 1948లో చట్టం వచ్చింది. 1959లో విశాఖకు దానికింద పథకం వచ్చింది. కార్మికులను రిజిస్టరులో రాసుకుని నంబర్లిచ్చారు. వంతు ప్రకారం పని ఇచ్చారు. ఓడలు రాని రోజున హాజరు వేయించుకున్నవాడికి కొంత సొమ్ము దక్కేది. "నంబరొచ్చినాక మేస్త్రీ మొగం సూడ్డం మానీసినాన్రా," అని మా నాన్న చెప్పేవాడు. ఆ నంబరు వేసిన బిళ్లను ఆయన చివరిదాకా ట్రంకుపెట్టెలో దాచుకున్నాడు.

సీనియారిటీ జాబితా అంటే ఇంతే. మనిషి దయను తీసేసి ఆ స్థానంలో అంకెను పెట్టడం. అంకెకు ప్రతిభ తెలియదని ఆక్షేపించవచ్చు. నిజమే. కాని అంకెకు కులం తెలియదు, పొగడ్త తెలియదు, పగ కూడా తెలియదు.

పైలట్ల నంబరూ ఇలాంటిదే. కుడివైపు సీటులోని కో-పైలట్ ఎడమవైపు సీటులోకి కెప్టెన్‌గా ఎప్పుడు మారాలి, పెద్ద విమానం ఎవరికి దక్కాలి, ఇల్లున్న వూళ్లో ఎవరిని వుంచాలి, పండక్కి సెలవెవరికి, రోజులు బాగాలేక మనుషులను తీసేస్తే ముందు పోయేదెవరు - ఇవన్నీ చాలా కంపెనీల్లో ఆ అంకెను బట్టే తేలుతాయి. దీనివల్ల ప్రయాణికుడికి కూడా ఒక మేలుంది. పొగమంచు కమ్మినప్పుడు విమానం లేపనని చెప్పవలసిన కెప్టెన్, తన పదవి పై అధికారి ఇష్టంమీద ఆధారపడి లేదన్న ధైర్యంతో ఆ మాట చెప్పగలడు.

అయితే ఈ నంబరు కంపెనీ గడప దాటదు. పదిహేనేళ్ల అనుభవం వున్నవాడు మరొక కంపెనీకి వెళితే అతని నైపుణ్యం వెంట వస్తుంది, సీనియారిటీ మాత్రం రాదు. మళ్లీ వరస చివర నిలబడాలి. పైగా 2017లో మన పౌర విమానయాన డైరెక్టరేటు, కెప్టెన్లు ఉద్యోగం మానాలంటే ఏడాది ముందు నోటీసు ఇవ్వాలన్నది. కో-పైలట్లకు ఆరునెలలు. కనుక పైలట్‌కు జాబితా రక్షణా అవుతుంది, సంకెలా అవుతుంది. కంపెనీ చేతులు మారినప్పుడు ఆ సంకెల ఏ గోడకు బిగించాలన్నదే తగాదా.

ఆ రాత్రి మేనల్లుడితో నేను పెద్దరికంగా అన్నాను: "దీనికింత గొడవెందుకురా? ఎవడు ముందు ఉద్యోగంలో చేరితే వాడు ముందు. తేదీ చూసి రాసెయ్యటమే న్యాయం."

అతను నవ్వి, "తేదీ ఒక్కటే న్యాయమైతే అమెరికాలో పదేళ్లు ఎందుకు కొట్టుకున్నారు?" అని ఆ కథ చెప్పాడు.

రెండు జాబితాలు కలపటానికి ముఖ్యంగా మూడు దారులున్నాయి. మొదటిది నేను చెప్పినట్టు ఉద్యోగంలో చేరిన తేదీ. రెండోది కొన్న కంపెనీ జాబితా తోకకు రెండో కంపెనీ జాబితాను కుట్టెయ్యడం. మూడోది నిష్పత్తి. పెద్ద కంపెనీలో నాలుగువందలమంది, చిన్నదానిలో వందమంది వుంటే, కెప్టెన్లను కెప్టెన్లతో, కో-పైలట్లను కో-పైలట్లతో, నలుగురికొకరు చొప్పున అల్లుకుపోవడం. రెండోది అన్యాయమని చెప్పటానికి పెద్ద ఆలోచన అక్కర్లేదు. తేదీ లెక్కలో లోపమే వెంటనే కనపడదు.

2005లో అమెరికా వెస్ట్, యూఎస్ ఎయిర్‌వేస్ అనే రెండు కంపెనీలు కలిశాయి. రెండోది పాతది, పెద్దది, అప్పటికి రెండుసార్లు దివాలా కోర్టుకెక్కినది. ఎన్నో ఏళ్ల సర్వీసు వుండి కూడా పనిలేక ఇంట్లో కూచున్న పైలట్లు అందులో వున్నారు. మొదటిది వయసులో చిన్నది, పెరుగుతున్నది. అక్కడ కొద్ది ఏళ్లకే కెప్టెన్లయినవారున్నారు. తేదీ ప్రకారం కలిపితే ఇంట్లో కూచున్నవాడు, విమానం నడుపుతున్న కెప్టెన్‌కు పైన తేలతాడు. కలపకపోతే పదిహేడేళ్ల సర్వీసు నిన్న చేరిన కుర్రవాడి కిందికి పోతుంది. ఇద్దరి మాటా నిజమే. మధ్యవర్తి జార్జి నికొలావు 2007లో తీర్పిచ్చాడు: పెద్ద విమానాలు నడిపే అయిదువందలమంది దాకా పాత కంపెనీ సీనియర్లను పైన వుంచి, మిగతావారిని నిష్పత్తిలో అల్లి, పని లేనివారిని కింద వుంచాడు. పాత కంపెనీవారు సంఖ్యలో ఎక్కువ. వారు ఆ తీర్పు నచ్చక 2008లో యూనియన్‌నే మార్చేశారు. ఓటు వేసి గెలిచారు. కోర్టుల్లో ఏళ్ల తరబడి తగువు నడిచింది. అంతకాలమూ కొత్త జీతాల ఒప్పందం కుదరక రెండువైపులా నష్టపోయారు.

మనకిది దూరపు కథ కాదు. 1953లో విమాన కంపెనీలను జాతీయం చేసి ఎనిమిదింటిని ఇండియన్ ఎయిర్‌లైన్స్ కిందికి తెచ్చినప్పుడు వాటిలో బేగంపేట కేంద్రంగా నడిచిన మన డెక్కన్ ఎయిర్‌వేస్ కూడా వుంది. 2007లో ఆ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌నూ ఎయిరిండియానూ కలిపారు. కాగితంమీద కంపెనీలు ఒకటయ్యాయి. పైలట్లు మాత్రం రెండు సంఘాలుగా, రెండు జీతాలతో వుండిపోయారు. 2011లో ఒక సంఘం సమాన వేతనం కోసం సమ్మె చేసింది. జస్టిస్ ధర్మాధికారి కమిటీ 2012 జనవరిలో నివేదిక ఇచ్చింది. ఆ యేడు మే నెలలో రెండో సంఘం సమ్మెకు దిగింది. కొత్తగా వస్తున్న డ్రీమ్‌లైనర్ విమానాలమీద మొదటివారికి శిక్షణ ఇస్తే తమ కెప్టెన్ అవకాశాలు పోతాయన్నది వారి భయం. 58 రోజులు సమ్మె జరిగింది. యాజమాన్యం వందమందికి పైగా పైలట్లను తీసేసింది, సంఘం గుర్తింపు రద్దుచేసింది. ఒక సమ్మెలో ఒకరు, రెండో సమ్మెలో మరొకరు. ఇద్దరూ ఒకేసారి నిలబడి, విలీనానికి ముందే మా జాబితా సంగతి తేల్చండని అడగలేదు.

తెలుగువాళ్లకు ఈ తగువు విమానాలకంటే ముందే తెలుసు. 1956 నవంబరు 1న రెండు ప్రాంతాలు ఒక రాష్ట్రమయినప్పుడు రెండు ఉద్యోగ వ్యవస్థలు కలవవలసి వచ్చింది. ఒకటి మద్రాసు పద్ధతిలో పెరిగింది, మరొకటి హైదరాబాదు పద్ధతిలో. జీతాల స్కేళ్లు వేరు, కచేరీ భాష వేరు. ఏ ఉద్యోగం దేనికి సమానమో తేల్చటానికి నాలుగు సూత్రాలు పెట్టుకున్నారు: పని స్వభావం, బాధ్యత, కావలసిన కనీస అర్హత, జీతం. కాగితంమీద వాటికి వంక పెట్టలేం. కాని రెండు కచేరీలలో ఒకే పేరుగల ఉద్యోగాన్ని తూచేటప్పుడు తక్కెడ ఎవరి చేతిలో వుందన్నది అసలు ప్రశ్న అయింది. 1969లోనూ 1972లోనూ విద్యార్థులు వీధుల్లోకి వచ్చినప్పుడు వారి వెనక వున్న బాధల్లో ఉద్యోగాల బాధ ముఖ్యమైనది. 1973 ఆరు సూత్రాల పథకం, 1975 రాష్ట్రపతి ఉత్తర్వు ఈ చిక్కు విప్పటానికి వచ్చినవే.

చట్టం ఇక్కడ ఒక సన్నని గీత గీసింది. పదోన్నతికి పరిశీలించబడటం ఉద్యోగి హక్కు. పదోన్నతి అవకాశాలు మాత్రం సర్వీసు షరతు కాదని సుప్రీంకోర్టు పదేపదే చెప్పింది. 1947 పారిశ్రామిక వివాదాల చట్టం కూడా, సంస్థ చేతులు మారితే పాత సర్వీసు తెగకూడదనీ షరతులు తగ్గకూడదనీ అన్నదేగాని, కొన్నవాడి మనుషుల పక్కన ఇతను ఎక్కడ నిలబడాలో చెప్పలేదు. కనుక మా మేనల్లుడి జీతంలో దమ్మిడీ తగ్గలేదు. తగ్గింది వచ్చే పదేళ్లు. దాన్ని నష్టమని రాసుకునే గడి ఏ ఖాతాలోనూ లేదు.

కొన్నవాడి ఖాతా చూడండి. విమానాలకు ధర కట్టారు. విమానాశ్రయాల్లో వేళలకు ధర కట్టారు. కంపెనీ పేరుకు కూడా ధర కట్టారు. పైలట్లు సంపాదించుకున్న వరసకు మాత్రం ధర లేదు. అది మీరూ మీరూ తేల్చుకోండని వారికి వదిలేశారు. ఉన్న కెప్టెన్ సీట్లు ఇన్ని అని పైవాడు తేల్చాక, ఒకడు ఒక మెట్టెక్కితే మరొకడు ఒక మెట్టు దిగుతాడు. అప్పుడు కో-పైలట్ కంటికి శత్రువు పక్క సీటులోనే కనపడతాడు.

ఇక్కడితో ఆపితే తప్పంతా పెట్టుబడిదారుడిమీద పెట్టి చేతులు దులుపుకున్నవాణ్ణవుతాను. కాని ఈ వేసవిలో మేనల్లుడు మళ్లీ ఫోను చేశాడు. అతని పెద్ద కంపెనీలోకి ఇంకొక చిన్న కంపెనీ వస్తున్నదట. వారిని జాబితా అడుగున పెట్టాలని తోటివారు ఒక అర్జీ తయారుచేశారు.

"నన్నూ సంతకం పెట్టమంటున్నారు మావయ్యా. పెడితే నాకు రెండేళ్లు కలిసొస్తాయి," అన్నాడు.

నేను చాలాసేపు మాట్లాడలేదు. నేను ఎనిమిదో తరగతి చదివే రోజుల్లో, యంత్రం వచ్చి పనిపోయిన కొందరు కూలీలను మా నాన్నవాళ్ల జాబితాలో కలపాలన్న మాట వచ్చింది. జాబితాలోవాళ్లు భగ్గుమన్నారు. వాళ్లు కలిస్తే మన వంతు రోజులు తగ్గుతాయన్నారు. లెక్క ప్రకారం అది నిజం. వాళ్లను కలపవద్దని అర్జీ పెట్టారు. మేస్త్రీ వేలినుంచి తప్పించుకున్న మా నాన్న, ఇంకా ఆ వేలికిందే వున్నవాళ్లను బయటే వుంచమని సంతకం పెట్టాడు. ఆయనకు సంతకం తప్ప రాయటం రాదు. అర్జీ రాసింది నేను. దస్తూరి బాగుందని అందరూ మెచ్చుకున్నారు. నాకు అర్ధణా జీళ్లు కొనిపెట్టారు. ఆ కూలీలలో ఒకాయన కొడుకు మా తరగతిలోనే వుండేవాడు. ఆ మరుసటి యేడు అతను బడికి రాలేదు.

ఆ రేవు కార్మికుల బోర్డును కూడా 2008లో రేవు సంస్థలో కలిపేశారు. అప్పటికి మా నాన్న లేడు.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. సంతకం పెట్టవద్దని మాత్రం అనలేకపోయాను. రెండేళ్లు అతనివి, నావి కావు. ఒకటే అడిగాను: ఆ వచ్చేవాళ్ల సంఘంతో మీలో ఎవరైనా మాట్లాడారా అని. లేదన్నాడు.

మన చేతిలో వున్న పని అక్కడ మొదలవుతుందనుకుంటాను. రెండు సంఘాలూ కూచుని అడగగలిగినవి కొన్ని వున్నాయి. అమ్మకం ఒప్పందం కుదిరేముందే జాబితా ఎలా కలపాలో రాసుకోవాలి. ఇవాళ ఎవరు ఏ సీటులో వున్నారో ఆ సీటు విలీనం వల్ల పోకూడదు. కొన్నేళ్లవరకు ఎవరి విమానాల్లో కెప్టెన్ ఖాళీలు వారికేనని గిరి గీయాలి. తేలనిదాన్ని బయటి మధ్యవర్తికి వదలాలి, అతను చెప్పినదానికి గెలిచినవాడూ ఓడినవాడూ కట్టుబడాలి. అన్నిటికంటే ముందు, ఎక్కువమంది చేతులెత్తినంత మాత్రాన తక్కువమంది ఏళ్లు కరిగిపోవని పెద్ద సంఘం తనంతట తాను ఒప్పుకోవాలి. ఇది కష్టం. ప్రాణం మీదికి వచ్చినప్పుడు మా నాన్న ఒప్పుకోలేదు. ఆయన మంచివాడే.

వారం తర్వాత మేనల్లుడు మళ్లీ ఫోను చేశాడు. అర్జీ ఇంకా తన దగ్గరే వుందన్నాడు. ఆ కంపెనీలో తనతోపాటు శిక్షణ పొందినవాడు ఒకడున్నాడనీ, అతని నంబరు ఎంతో కనుక్కున్నాననీ చెప్పాడు.

"ఎంత?" అన్నాను.

"నలభై ఒకటి," అన్నాడు. కిందటిసారి అతనిదీ అదే.