ఎండల్లో దేవుడు పెట్టిన రొట్టె



రోహిణి కార్తె వచ్చేసింది. మందిరం రేకులు పదింటికే కాలిపోతున్నాయి, అందుకే ఆదివారం ఆరాధన ఉదయం ఏడింటికే మొదలుపెడుతున్నాం. "ఎలా ఉన్నారు అయ్యగారూ?" అని మీరు ఫోన్లో అడిగినప్పుడల్లా "దేవుని కృప" అని ఊరుకున్నాం. ఈసారి ఉన్నదున్నట్టు చెప్తాం.

మేమిద్దరం ఈ వేసవిలోకి అలసిపోయి అడుగుపెట్టాం. జనవరిలో మన సంఘంలోని ఒక పిల్లవాణ్ణి సమాధి చేశాం. వాడి కోసం ఎంత ఉపవాస ప్రార్థన చేశామో మీకు తెలుసు. ఆ తర్వాత వాళ్లమ్మ మందిరానికి రావడం మానేసింది. మేం వాళ్లింటికి వెళ్తే కుర్చీలు వేసేది, మాట్లాడేది కాదు. మా దగ్గరా మాటలు లేవు. ఫిబ్రవరిలో, మమ్మల్ని వేరే సంఘానికి పంపమని పెద్దలకు ఉత్తరం రాసి బైబిల్లో పెట్టుకున్నాం. పంపడానికి ధైర్యం చాలలేదు, చింపడానికి మనసొప్పలేదు.

పోయిన మంగళవారం పొద్దున్నే ఆమె మా గుమ్మం ముందు నిలబడింది. చేతిలో తాటికాయల గెల.

"లేత ముంజలు, అయ్యగారూ. అమ్మగారికి ఇష్టం కదా" అంది.

కత్తి కూడా తనే తెచ్చుకుంది. వేపచెట్టు కింద కూర్చుని ఆమె కాయలు చెక్కి ఇస్తుంటే, మేం బొటనవేలితో తీసుకు తిన్నాం. నీళ్లు మోచేతుల దాకా కారి బట్టలు తడిశాయి. మా అవస్థ చూసి ఆమె నవ్వింది. నాలుగు నెలల తర్వాత ఆ నవ్వు విన్నాం.

"మావాడైతే చుక్క కారనిచ్చేవాడు కాదు" అంది. అంతలోనే ఏడ్చింది. మేమూ ఏడ్చాం. వాక్యం ఏమీ చెప్పలేదు. కాసేపటికి కళ్లు తుడుచుకుని ఇంకో కాయ చెక్కింది. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాం.

ఆ రాత్రి కరెంటు పోయింది. డాబా మీద చాప వేసుకుని పడుకుంటే ఏలీయా గుర్తొచ్చాడు. కర్మెలు కొండ మీద అగ్ని దిగిరావడం చూసిన ప్రవక్త, కొద్ది రోజులకే అరణ్యంలో బదరీవృక్షం కింద చావు కోరుకున్నాడు. దేవుడు ఆయన్ని గద్దించలేదు. ముందు నిద్రపోనిచ్చాడు. దూత తట్టి లేపి రొట్టె పెట్టాడు, నీళ్లిచ్చాడు. ఆయన తిని మళ్లీ పడుకుంటే, రెండోసారి కూడా లేపి తినమన్నాడు. హోరేబు కొండ దగ్గర మాటలు ఆ తర్వాతే.

ఇన్నేళ్లూ ఆ భాగం ప్రసంగించాం గాని, రొట్టె దగ్గర ఎప్పుడూ ఆగలేదు. ఆమెకు ఏం చెప్పాలా అని నాలుగు నెలలు వెతికాం. దేవుడేమో ఆమె చేతనే మాకు తినిపించాడు.

అప్పట్నుంచి చిన్న చిన్నవి కనబడుతున్నాయి. చెరువు పూడిక పని దగ్గర అక్కలు మాకూ ఒక గ్లాసు పోసే మజ్జిగ. కొత్త కుండలో నీళ్లకుండే మట్టివాసన. సాయంత్రం ప్రార్థనకు వచ్చే ఆడపిల్లల జడల్లో మల్లెలు. ఇవేవీ దుఃఖాన్ని తీసేయవు. ఏలీయాకు కూడా రొట్టె తిన్నాక నడవాల్సిన దారి అలాగే మిగిలింది. నడవడానికి బలం మాత్రం వచ్చింది.

ఆమె ఇంకా మందిరానికి రాలేదు. రమ్మని మేం అడగలేదు. ఉత్తరం ఇంకా బైబిల్లోనే ఉంది, కాకపోతే ఇప్పుడది మొదటి రాజులు 19వ అధ్యాయం దగ్గర గుర్తుగా ఉంది.

ప్రియులారా, మీలో ఎవరైనా ఆ చెట్టు కింద పడుకుని ఉంటే, ఈ రోజు గొప్ప తీర్మానాలేమీ చేయకండి. ఎవరో ఏదో తెచ్చి మీ ముందు పెడతారు. లేచి తినండి.

ప్రభువు మిమ్మల్ని ఈ ఎండల్లో కాపాడును గాక. ఆమేన్.