నడుము లోతు నీళ్ళే కదా!

మా గురజాల ఎండల సంగతి పల్నాడు వారికి నేను చెప్పనక్కరలేదు. పక్కనున్న రెంటచింతల పేరు ఏటా వేసవి వార్తల్లో వినబడుతూనే ఉంటుంది. అలాంటి మే నెలలో మా అమ్మాయి, అల్లుడు, ఆరేళ్ళ మనవడు సెలవులకు వచ్చారు. వాడెక్కడో బొమ్మలో చూసిన నీళ్ళ పార్కుకు తీసుకుపొమ్మని పట్టుబట్టాడు. సర్కారు డాక్టరు ఉద్యోగంలో కుటుంబంతో సరదాగా తిరిగిన రోజులు తక్కువ. సరేనని సెలవు పెట్టి అందరం హైదరాబాదు బయలుదేరాం.

మాచర్ల దాటాక ఎత్తిపోతల దగ్గర ఆగాం. చంద్రవంక వాగు అక్కడ సుమారు 70 అడుగుల ఎత్తునుంచి దూకుతుంది. "ఇక్కడే స్నానం చేద్దాం తాతయ్యా!" అన్నాడు మనవడు. కింద మడుగులో మొసళ్ళున్నాయని చెబితేగాని ఊరుకోలేదు.

మర్నాడు నగరం శివార్లలోని పార్కుకు వెళ్ళాం. లోపల సముద్రపు దీవిని తెచ్చి పెట్టినట్టే ఉంది. గడ్డి కప్పిన గొడుగులు, సిమెంటు కొబ్బరిచెట్లు, రబ్బరు ట్యూబుల మీద తేలిపోయే కాలువ, మిషనుతో అలలు లేపే కొలను! "ఈ చెట్లకు కాయలు కాస్తాయా?" అని మనవడి ప్రశ్న. మా ఆవిడ కూడా చీర మార్చి, వాళ్ళిచ్చిన నైలాను దుస్తులు వేసుకుని చిన్నపిల్లలా నవ్వింది.

అలల కొలనులో మనవడికి నడుము దాకానే నీళ్ళు. వాడికి నాలుగడుగుల దూరంలో నిలబడి, నేనూ మా అల్లుడూ ఏవో బదిలీల కబుర్లలో పడ్డాం. అలలు మొదలయ్యాయి. ఒకసారి చూశాను. వాడు తల వెనక్కి వాల్చి, నోరు తెరిచి, చేతులతో నీళ్ళు తడుతున్నాడు. ఆడుకుంటున్నాడనుకున్నాను. అంతలో ఈల వినబడింది. కాపలా కుర్రాడు ఒక్క దూకు దూకి వాణ్ణి పైకెత్తాడు. వాడు దగ్గి, నీళ్ళు కక్కి, అప్పుడు ఏడ్చాడు. ఆ ఏడుపు విన్నాకగాని నా కాళ్ళ వణుకు తగ్గలేదు.

ఇన్నేళ్ళుగా నీళ్ళల్లో పడ్డ పిల్లల్ని ఆస్పత్రిలో చూస్తున్న డాక్టరుకే తెలియలేదా అని మీరడగవచ్చు. తెలియలేదు. సినిమాల్లోలాగా మునిగేవాడు "రక్షించండి" అని అరవడు. ఊపిరి పీల్చుకోవడానికే నోరు చాలనప్పుడు అరుపెక్కడినుంచి వస్తుంది? చప్పుడు లేకుండా, ఒక్క నిమిషంలోపే పిల్లవాడు మునిగిపోవచ్చు. అందుచేత పిల్లలు నీళ్ళల్లో ఉన్నంతసేపూ ఒక పెద్దవారు చెయ్యి చాస్తే అందే దూరంలో ఉండాలి. ఆ సమయంలో కబుర్లు, సెల్‌ఫోను పనికిరావు. "అందరం చూస్తున్నాం" అంటే ఎవరూ చూడడం లేదన్నమాటే. వంతులు వేసుకోండి.

బయటికి తీసిన మనిషికి ఊపిరి ఆడకపోతే కాళ్ళు పట్టుకుని గిరగిరా తిప్పడం, పొట్ట నొక్కడం చెయ్యకండి. అమూల్యమైన కాలం పోతుంది. వెల్లకిలా పడుకోబెట్టి, ముక్కు మూసి, నోట్లో నోరు పెట్టి రెండుసార్లు ఊపిరి ఊదండి. తరువాత రొమ్ము మధ్యన గట్టిగా, వేగంగా 30 నొక్కులు, మళ్ళీ రెండు ఊపిరులు. ఊపిరి వచ్చేదాకా, లేదా సాయం అందేదాకా ఇలాగే చెయ్యాలి. ఈలోగా మరొకరు 108కి ఫోను చెయ్యాలి. తేరుకున్నా సరే, దగ్గు, ఆయాసం, మత్తు ఉంటే వెంటనే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. మా వాణ్ణి ఆ సాయంత్రం దాకా ఆస్పత్రిలోనే ఉంచాం.

ఇక చిన్న సంగతులు. కొలను దగ్గర ఘాటు వాసన వస్తే నీళ్ళు శుభ్రంగా ఉన్నాయనుకుంటాం. నిజానికి క్లోరిన్ మన చెమటతోనూ, మూత్రంతోనూ కలిసినప్పుడే ఆ వాసన, కళ్ళమంట వస్తాయి. కాబట్టి దిగేముందు స్నానం చెయ్యండి. పిల్లల్ని గంటకోసారి మూత్రానికి తీసుకెళ్ళండి. విరేచనాలవుతున్న వారు దిగరాదు. క్లోరిన్‌కు కూడా కొన్ని రోజులపాటు చావని క్రిములున్నాయి. కొలను నీళ్ళు మింగవద్దని పిల్లలకు చెప్పండి. చెవుల్లో నీరు చేరితే తల పక్కకు వంచి గుడ్డతో తుడవాలిగాని పుల్లలు పెట్టరాదు. గర్భిణులు, గుండెజబ్బు వారు, మూర్ఛలున్నవారు జారుడు బల్లల జోలికి పోవద్దు. నీళ్ళల్లో ఉన్నా ఎండ దెబ్బ తప్పదు, మజ్జిగ, మంచినీళ్ళు తాగుతూ ఉండాలి.

తిరుగు ప్రయాణంలో సాగర్ కుడికాలువ పక్కన కారు ఆపాం. 1967లో నీళ్ళు వదిలిన నాటినుంచి మా పల్నాటికి అన్నం పెడుతున్న కాలువ అది. కొందరు పిల్లలు గట్టుమీదనుంచి దూకుతున్నారు. ఏటవాలు గట్టు, పాచి పట్టిన రాయి, లోపల వడి. జారితే ఎక్కడం పెద్దవాళ్ళకే కష్టం. పార్కులో డబ్బు పుచ్చుకుని కాపలా పెట్టారు. కాలువ దగ్గర ఈల వేసేవారెవరు?

మా చిన్నతనంలో నడుముకు బెండు కట్టి, పెద్దలు దగ్గరుండి బావిలో ఈత నేర్పేవారు. ఆ పని మళ్ళీ మొదలుపెట్టండి. పిల్లలకు ఈత నేర్పండి. నేర్చిన తరువాత కూడా కళ్ళు వాళ్ళమీదే ఉంచండి.