సింహమా, కన్యా?

కాస్త ముందుకు జరగండి. డిసెంబరు వచ్చిందంటే లంబసింగి చలి కొండ దిగి, నర్సీపట్నం దాటి మా రోలుగుంట దాకా వచ్చేస్తుంది. పుల్లలున్నాయి, టీ కాగుతోంది. ఇక కావలసింది ఓ మంచి తగువు. అది నేనే తెచ్చాను: విశ్వనాథ సత్యనారాయణ గారి జాతకం.

కతోలికుడివి, నీకు జాతకాలతో పనేమిటంటారా? మా వాకిళ్ళలో వేలాడే కాగితపు నక్షత్రాన్ని అడగండి. మత్తయి సువార్తలో బాలయేసును వెతుక్కుంటూ వచ్చిన జ్ఞానులు ఆకాశం చూసి బయల్దేరినవాళ్ళే. పాస్కా పండుగైనా అంతే. మార్చి 21న గానీ ఆ తర్వాత గానీ వచ్చే మొదటి పున్నమి దాటాక, ఆదివారం నాడు చేస్తాం. పున్నమి లెక్క తెలియకపోతే మాకూ పండుగ లేదు. 1750 ప్రాంతంలో కర్ణాటక మిషన్‌లోని కృష్ణాపురం నుంచి దుషాం అనే జెస్విట్ ఫాదర్‌గారు మన గ్రహగణితం పట్టికలు సంపాదించి ఫ్రాన్సుకు పంపారు. బయీ అనే ఖగోళ పండితుడు 1787లో అచ్చువేసిన పెద్ద గ్రంథంలో వాటి మీద చర్చ ఉంది. లెక్కంటే మావాళ్ళకు ఎప్పుడూ గౌరవమే. ఆ లెక్కతో మనిషి తలరాత చెప్పబోతేనే పేచీ. 1992 నాటి సత్యోపదేశ గ్రంథం 2116వ పేరాలో జాతకాలు చూపించుకోవద్దని కచ్చితంగా చెప్పేసింది.

సరే, చూపించుకోవడం మానేసి ఊరికే చూద్దాం! విశ్వనాథ పుట్టింది 1895 సెప్టెంబరు 10, మన్మథ నామ సంవత్సరం, కృష్ణా జిల్లా నందమూరు. మన సిద్ధాంతి గారైతే ఆ రోజు సూర్యుడు సింహంలో ఉన్నాడంటారు. ఇంకేం, కవిసామ్రాట్టు, ఎవరికీ తలవంచని మనిషి, అతికినట్టు సరిపోయింది. ఇంగ్లీషు వారపత్రిక తిరగేస్తే అదే మనిషి కన్యారాశి. తప్పులు పట్టేవాడు, ప్రతిదీ పద్ధతి ప్రకారం ఉండాలనేవాడు. అదీ సరిపోయింది! మనవాళ్ళు నక్షత్రాలను ఆధారం చేసుకుంటే, వాళ్ళు వసంత విషువత్తును చేసుకున్నారు. అప్పటికి రెండింటికీ తేడా సుమారు 22 డిగ్రీలు. ఏ చొక్కా తొడిగినా సరిపోతోందంటే అది కొలతపెట్టి కుట్టింది కాదన్నమాట.

పునీత అగస్తీను గారు యౌవనంలో జోస్యుల వెంట తిరిగినవారే. ఆయన మనసు విరిచింది ఫిర్మీనుస్ అనే స్నేహితుడు చెప్పిన కథ. ఫిర్మీనుస్ పుట్టిన ఘడియలోనే మరో ఇంట దాసికీ కొడుకు పుట్టాడు. ఇతనేమో సిరిసంపదల్లో పెరిగాడు, వాడు దాస్యంలోనే ఉండిపోయాడు. నక్షత్రాలు మాత్రం ఇద్దరికీ ఒకటే.

మనకూ అలాంటి జంట ఒకటుంది. అడివి బాపిరాజు పుట్టింది అదే ఏడాది అక్టోబరు 8న, అంటే సరిగ్గా నాలుగు వారాలకు. చంద్రుడు ఓ చుట్టు తిరిగొచ్చి దాదాపు అక్కడే ఉంటాడు. గురుడికీ శనికీ నాలుగు వారాలు ఓ లెక్కే కాదు. పైగా ఆంధ్ర విశ్వకళా పరిషత్తు నవలల పోటీలో విశ్వనాథ ‘వేయిపడగలు’, బాపిరాజు ‘నారాయణరావు’ బహుమతి పంచుకున్నాయి. అయినా ఆ రెండు పుస్తకాలకూ పోలికెక్కడ? బాపిరాజు బొమ్మలు వేసే చేత్తో రాశారు. విశ్వనాథ కూలిపోతున్న ఇంటి ముందు నిలబడి రాశారు.

ఆ కూలడమే నా మనసుకు పట్టింది. ‘వేయిపడగలు’ నవలలోని సుబ్బన్నపేటలో కోవెల, గణాచారి, ఒక్కటొక్కటే రాలిపోయే ఆ పాము పడగలు. రెండో వాటికన్ మహాసభ 1965లో ముగిశాక మా గుళ్ళలోనూ లాటిన్ పూజ వెళ్ళి తెలుగు పూజ వచ్చింది. మంచిదే, నేనైతే ఆ మార్పు వైపే. కానీ అర్థం తెలియకపోయినా అలవాటైన మంత్రం చెవిని వదిలిపోతే పెద్దవాళ్ళకు కలిగే దిగులు నాకు తెలుసు. ‘వేయిపడగలు’లో ఉన్నది ఆ దిగులే. ఆయన వర్ణవ్యవస్థను సమర్థించిన చోట మాత్రం నాకు ముద్ద దిగదు. పశువుల తొట్టిలో పుట్టిన వాణ్ణి కొలిచేవాడికి ఎలా దిగుతుంది?

అలాంటప్పుడు నాకు పునీత ఫ్రాన్సిస్ దె సేల్స్ గుర్తుకొస్తారు. తన మాట వినడానికి రానివాళ్ళను తిట్టలేదు. కరపత్రాలు రాసి వాళ్ళ గుమ్మాల కింద తోసి వచ్చేవారు. 1923లో పోపుగారు ఆయన్ను రచయితలకు పాలక పునీతుణ్ణి చేశారు. ఆయన పేరు పెట్టుకున్న సభ గురువులే 1846లో మన విశాఖ తీరానికి వచ్చారు. ఎదుటివాడి పుస్తకాన్ని పూర్తిగా చదివాకే పోట్లాడాలన్న బుద్ధి నాకు ఆయన వల్లే అబ్బింది.

టీ అయిపోయింది. ‘వేయిపడగలు’ లావు చూసి భయపడకండి, పండుగ సెలవుల్లో మొదలుపెట్టండి. చదివి రండి, మిగతా తగువు అప్పుడు పడదాం. సింహమో కన్యో మీరే చెబుదురుగాని.