సింగపూరుకు పోయేముందు సెల్‌ఫోను సర్దుకోవడం

కోయంబత్తూరు అవినాశి రోడ్డులో లక్ష్మీ మిల్లు స్టాపు దాటి, పీళమేడు దాటి, బస్సులో ఇంకా ముందుకు పోతే ఏర్‌పోర్టు వస్తుంది. మన నాయనల కాలంలో ఇది షిఫ్టుకు పోయే సైకిళ్ళ రోడ్డు. 1910లో మొదలైన ఆ మిల్లు ఆవరణలో ఇప్పుడు అంగళ్ళు, హోటళ్ళు వచ్చేసినాయి. ఆ సైకిళ్ళు తొక్కినోళ్ళ మనవలూ మనవరాళ్ళూ సింగపూరులో, షార్జాలో ఉండారు. ప్రసవమంటే అమ్మను పిలుస్తారు. అమ్మ కారంపొడి, సున్నుండలు, పాత చీరల గుడ్డలు కట్టుకుని బయలుదేరుతుంది. పెట్టెను మూడుసార్లు తూకం వేస్తాం గాని, చేతిలో ఉన్న ఫోను అక్కడ దిగినాక పలుకుతుందా లేదా అని అడిగేవాళ్ళు తక్కువ.

మా అక్కది మదురై పక్కన హార్వేపట్టి. హార్వే మిల్లు పనివాళ్ళ కోసం కట్టిన ఊరు అది. మేనకోడలికి సింగపూరులో నెలలు నిండినాయి. అక్క ఒక నెల ఉండాలి, తోడుగా నేను పది రోజులు. బావకు గుండె ఆపరేషన్ అయ్యి ఏడాది కాలేదు. ఆయన ఇంట్లో ఒంటరిగా ఉంటాడు. ఆయన చేతిలో ఉండేది బటన్ల ఫోను. “నెట్టు ఉంటే చాలు, రోజూ మొహం చూసి మాట్లాడొచ్చు” అని అందరూ చెప్పినారు. ఎవరి మొహం? బటన్ల ఫోనుకు వాట్సాప్ రాదు కదా. రాత్రిపూట బావకు ఏదైనా అయితే అక్కకు తెలిసేది ఎట్లా? మాకు అసలు చిక్కు అక్కడే.

గాంధీపురంలో ఒక ఫోను అంగడికి పోయినాం. అక్కడి పిల్లోడు ఉన్నవాటిలో పెద్ద రోమింగ్ ప్యాకే చూపించినాడు. నేను నాలుగు మాటలు అడిగినాను. దినాలు ఎప్పటినుంచి లెక్క, ఈరోజు డబ్బు కడితే ఈరోజు నుంచా, అక్కడ దిగి వాడినప్పటి నుంచా? ఇచ్చే నెట్టు రోజుకు ఇంతనా, మొత్తానికి ఇంతనా? అయిపోతే ఆగిపోతుందా, పైన డబ్బు పడుతుందా? వచ్చే కాల్ ఎత్తితే ఎంత? ఈ నాలుగూ తెలియకుండా ధర ఒక్కటి చూసి లాభం లేదు. పది రోజులకు నాకు మన సిమ్ముమీదే చిన్న రోమింగ్ ప్యాకు సరిపోయింది. అక్కకు నెల రోజులకు అదే వేస్తే చాలా అవుతుంది. ఆమెకు అక్కడి సిమ్మే మేలని తేల్చుకున్నాం.

ఈ-సిమ్ అని ఇంకొకటి ఉంది. చేతికి ఏమీ ఇవ్వరు, ఫోనులోనే ఎక్కిస్తారు. మీ ఫోనుకు అది పడుతుందా అని చూడాలంటే *#06# నొక్కండి. ఈఐడీ అని పెద్ద అంకె కనబడితే పడుతుంది. ఎక్కించేటప్పుడు నెట్టు కావాలి కాబట్టి ఇంట్లో వైఫై ఉన్నప్పుడే ఆ పని ముగించుకోవాలి. అక్క ఫోనులో ఆ అంకె రాలేదు, ఆ మాట అంతటితో వదిలేసినాం.

అక్కడి సిమ్ము కొన్నాక మన సిమ్మును తీసి పర్సులో వేసేవాళ్ళు ఉంటారు. వద్దు. అక్క పెన్షన్ బ్యాంకుకు ఓటీపీ వచ్చేది ఆ నెంబరుకే. సిమ్ము తీస్తే యూపీఐ కూడా మొరాయిస్తుంది. రెండు సిమ్ముల ఫోను అయితే రెండూ ఉంచుకోవచ్చు. మన సిమ్ముకు ఇంటర్నేషనల్ రోమింగ్ సేవ ఊరు విడిచేముందే తెరిపించుకోవాలి. దాని గడువు మనం తిరిగొచ్చేదాకా ఉందా అని చూసుకోవాలి. కాని దానిమీద డేటా రోమింగ్ ఆపేయాలి. మొబైల్ డేటా అనే చోట అక్కడి సిమ్మునే ఎంచాలి. ఇది మరిచిపోతే ఫోను జేబులో ఉండగానే డబ్బు కరిగిపోతుంది.

ఇంట్లో కూర్చుని చేసిన పని ఇంకొంత ఉంది. వాట్సాప్ సెట్టింగ్స్‌లో స్టోరేజ్ అండ్ డేటా లోపలికి పోయి, ఫోటోలు, వీడియోలు తమంతట తాము దిగకుండా ఆపినాం. మన కుటుంబాల గ్రూపుల్లో పొద్దున్నే వచ్చే పూల బొమ్మలకే సగం నెట్టు పోతుంది మరి. గూగుల్ మ్యాప్స్‌లో సింగపూరు పటం ముందే దించుకున్నాం. తర్వాత అక్క ఫోనులో ఉన్న పేర్లన్నిటికీ ముందర +91 చేర్చినాను. పది అంకెలే ఉంటే అక్కడినుంచి కాల్ పోదు. అరగంట పట్టింది. నన్నడిగితే అన్నిటికన్నా అక్కరకొచ్చింది ఈ పనే.

చాంగీ ఏర్‌పోర్టులో దిగగానే అక్కడి ఉచిత వైఫైలో మేనకోడలికి మెసేజీ పెట్టినాం. అల్లుడు నైటు షిఫ్టు ముగించుకుని నేరుగా వస్తున్నాడు. ఆయన వచ్చేలోపు అక్కడి అంగడిలోనే పాస్‌పోర్టు చూపించి సిమ్ము తీసుకున్నాం. పాస్‌పోర్టు లేనిదే ఇవ్వరు. నెట్టు ఎంత అనే కాదు, ఇండియాకు మాట్లాడే నిమిషాలు ఉన్నాయా అని కూడా అడిగినాను, బావ కోసం. కౌంటర్లో ఉన్నామె తమిళంలోనే జవాబు చెప్పింది. అక్కకు సగం భయం అక్కడే పోయింది.

బావతో ఏర్పాటు ఇది. ఆయన అక్క ఇండియా నెంబరుకు కొట్టి రెండు మోతలకు కోసేయాలి. అక్క ఎత్తదు. ఎత్తకపోతే డబ్బు పోదు, కాల్ ఫార్వర్డింగ్ మాత్రం ఆపి ఉండాలి. వెంటనే అక్క అక్కడి సిమ్మునుంచి తిరిగి కొడుతుంది. ఒక్క మిస్డ్ కాల్ అంటే మాట్లాడాలని ఉంది. వరుసగా మూడు వస్తే ఒంట్లో బాగాలేదు. పక్కింటి పిల్లోడి నెంబరు కూడా రాసిపెట్టుకున్నాం, వాడి ఫోనులో వాట్సాప్ ఉంది. సింగపూరు గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందు. బావ రాత్రి తొమ్మిదికి కొడితే అక్కకు పదకొండున్నర.

దుబాయి, షార్జా పోయేవాళ్ళకు ఒక మాట. ఎంత నెట్టు ఉన్నా ఆ దేశంలో వాట్సాప్‌లో మాట్లాడే కాల్ పోదు, రాత పోతుంది. బోటిమ్ లాంటి అక్కడ ఒప్పుకున్న యాప్‌లు రెండు పక్కలా ఉండాలి. ఇంట్లో పెద్దవాళ్ళ ఫోనులో దాన్ని ముందే ఎక్కించి, ఒకసారి మాట్లాడి చూసి పోండి.

మనవరాలు పుట్టిన రాత్రి వరుసగా మూడు మిస్డ్ కాల్స్ వచ్చినాయి. అక్క చేతులు వణికినాయి. తిరిగి కొడితే బావ, “నాకేం కాలేదే, బిడ్డ పుట్టిందా లేదా చెప్పు” అన్నాడు. అక్క ఆయన్ని తిట్టిన తిట్లకు చాలా నిమిషాలు ఖర్చయినాయి.

మేం తిరిగొచ్చినాక మా వీధిలో ఇంకొకామె సింగపూరుకు పోతూ అక్క సిమ్మును అడిగింది. అది అక్క పాస్‌పోర్టు మీద తీసింది, గడువూ అయిపోయింది. సిమ్ము తీసే చిన్న పిన్ను మాత్రం ఇచ్చినాం. ఆమె దాన్ని పసుపుతాడుకు కట్టుకుని పోయింది.