చక్రం తినే యూనిట్లు

విజయవాడ ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్లు దాటి లోపలి వీధిలోకి వెళ్తే ఒక టైర్ల షాపు ఉంది. ముందు భాగంలో పంక్చర్లు వేస్తారు, వెనక భాగంలో అలైన్‌మెంట్ చేస్తారు. ఎలక్ట్రిక్ కార్ల డ్రైవర్లు ఇక్కడికి ఎక్కువగా వస్తున్నారని విని వెళ్లాను. ఈ కార్ల గురించి ఎవరిని కదిపినా బ్యాటరీ ముచ్చటే చెబుతారు. ఆ బ్యాటరీలో కరెంటు ఎక్కడ ఖర్చవుతుందో చూడాలంటే మాత్రం టైర్లు విప్పి బిగించేవాళ్ల దగ్గరికే వెళ్లాలి.

నేను వెళ్లేసరికి ఒక నెక్సాన్ ఈవీ జాకీల మీద ఉంది. బ్యాటరీ 45 యూనిట్లది. గన్నవరం ఎయిర్‌పోర్టుకీ హైదరాబాదుకీ కిరాయిలు తోలే కుర్రాడి బండి. కంపెనీ ఇచ్చిన 16 అంగుళాల చక్రాలు తీయించి 18 అంగుళాల అల్లాయ్ వీల్స్ వేయించుకున్నాడు. బండికి అందం వచ్చింది, కాదనను. అతని బాధ వేరే.

"బాబాయ్, ఇదివరకు ఎక్కడా ఆగకుండా హైదరాబాద్ చేరేవాణ్ని. ఇప్పుడు సూర్యాపేటలో ఛార్జింగ్ పెట్టక తప్పట్లేదు. బ్యాటరీ పోతోందంటావా?"

"బ్యాటరీ సంగతి తర్వాత చూద్దాంలేరా. ముందు ఇటు రా," అన్నాడు మేస్త్రి.

మూల నుంచి పాత 16 అంగుళాల చక్రం ఒకటి దొర్లించుకొచ్చాడు. దాని పక్కన కొత్త 18 అంగుళాల చక్రం నిలబెట్టాడు. రెండు టైర్ల మీదా నేలకి తగిలేచోట సుద్దముక్కతో గీత పెట్టి, సిమెంటు గచ్చు మీద ఒక్కో చక్రాన్ని సరిగ్గా ఒక చుట్టు తిప్పాడు. గీత మళ్లీ నేలకి తగిలిన చోట ఇంకో గుర్తు. నేను టేపు పట్టుకున్నాను. పాతది ఒక చుట్టుకి 2 మీటర్ల 8 సెంటీమీటర్ల పైచిలుకు నడిచింది. కొత్తది 2 మీటర్ల 17 దాటింది.

టైరు పక్కన రాసి ఉండే అంకెలు చెప్పేదీ ఇదే. పాతదాని మీద 215/60 ఆర్16 అని ఉంది. వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు ఆ వెడల్పులో 60 శాతం, డిస్కు 16 అంగుళాలు. కొత్తది 235/50 ఆర్18. లెక్క కడితే కొత్త చక్రం చుట్టుకొలత 4 శాతం ఎక్కువ. ఈ సంగతి మీటరుకి తెలియదు. అది చుట్లు లెక్కపెట్టి పాత కొలతతోనే హెచ్చిస్తుంది కాబట్టి, బండి నిజంగా 100 కిలోమీటర్లు నడిస్తే 96 అని చూపిస్తుంది. అంటే కిలోమీటరుకి ఇన్ని యూనిట్లు అయ్యాయని తెర మీద కనిపించే అంకెలో కొంత భాగం ఉత్తదే.

కానీ సూర్యాపేటలో ఆగడం ఉత్తది కాదు. చక్రాలు మారాయని హైదరాబాద్ దగ్గరకీ జరగదు, దూరమూ పోదు. ఇక్కడే మీటరు చేసే రెండో మోసం ఉంది. మీటరు 100 దగ్గర ఉంచి నడుపుతున్నానని కుర్రాడు అనుకుంటాడు, బండి వెళ్లేది 104లో. గాలి అడ్డం వేగం వర్గంతో పెరుగుతుంది. ఆ నాలుగు కిలోమీటర్ల తేడాకే గాలిని చీల్చే ఖర్చు ఎనిమిది శాతానికి పైగా పెరుగుతుంది. హైవే మీద ఈ కారు కరెంటులో పెద్ద వాటా గాలికే పోతుంది.

తర్వాత రెండు చక్రాల్నీ కాటా మీద పెట్టారు. కొత్తది మూడు నాలుగు కిలోలు ఎక్కువ తూగింది. దొంగ దొరికాడని కుర్రాడి మొహం వెలిగింది. నేను మాత్రం ఒప్పుకోలేకపోయాను. నాలుగూ కలిపినా డిక్కీలో ఒక సూట్‌కేసు ఎక్కువ పెట్టినంత బరువే. సిగ్నల్ సిగ్నల్‌కీ ఆగి కదిలేచోట తిరిగే బరువుకి కొంత అదనపు ఖర్చు ఉంటుంది, నిజమే. అందులోనూ కొంత బ్రేకు వేసినప్పుడు రీజెన్ రూపంలో బ్యాటరీకి తిరిగొస్తుంది. అసలు ఖర్చు రబ్బరులో ఉంది, వెడల్పులో ఉంది, డిస్కు ఆకారంలో ఉంది.

టైరు నేలకి ఆనినచోట అణుగుతుంది, పైకి వెళ్లగానే మళ్లీ సాగుతుంది. అణిగినప్పుడు తీసుకున్న శక్తినంతా రబ్బరు తిరిగివ్వదు, కొంత వేడిగా పోతుంది. దూరప్రయాణం చేసొచ్చిన టైరు మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉండటానికి కారణాల్లో ఇదొకటి. మనుషులతో కలిపి 1,650 కిలోల బండికి, మంచి టైర్లయితే 100 కిలోమీటర్లలో ఇలా నాలుగున్నర యూనిట్లు పోతాయి. పట్టు కోసమో చవక కోసమో వేరే రకం టైర్లు వేస్తే అదే ఐదున్నర కావచ్చు. ఎలక్ట్రిక్ కార్లకి కంపెనీలు ఏరికోరి తేలిగ్గా దొర్లే టైర్లు ఇస్తాయి. యజమాని షోకు కోసం మొదట మార్చేవి కూడా అవే. ఇక కొత్త డిస్కు. సన్నటి ఆకులు, మధ్య పెద్ద ఖాళీలు. తిరుగుతున్నంతసేపూ గాలిని చిలుకుతూనే ఉంటుంది. పాతదాని మొహం దాదాపు మూసేసి ఉంది.

"మలుపుల్లో పట్టు బాగుందండీ," అన్నాడు కుర్రాడు, కొత్తవాటిని వెనకేసుకొస్తూ. అదీ నిజమే కావచ్చు. మన దేశపు ఏఐఎస్ 142 ప్రమాణం టైరు దొర్లే అడ్డంతోపాటు తడి రోడ్డు మీద పట్టునీ, శబ్దాన్నీ కలిపి చూసేది అందుకే. యూనిట్లు మిగులుతాయని వానలో జారే టైరు వేసుకోమని నేను ఎవరికీ చెప్పను.

చక్రం తేడా ఎంత దాకా వెళ్లగలదో హ్యుందాయ్ అయానిక్ 6 చూపిస్తుంది. 2023 మోడల్, 77.4 యూనిట్ల బ్యాటరీ, వెనక ఒకే మోటారు. అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ లెక్కలో 18 అంగుళాల చక్రాలతో 361 మైళ్లు, 20 అంగుళాల చక్రాలతో 305 మైళ్లు. మన కొలతలో 581, 491 కిలోమీటర్లు. ఆ పెద్ద టైరు వెడల్పు కూడా 225 నుంచి 245కి పెరిగింది. తొంభై కిలోమీటర్లంటే సూర్యాపేట నుంచి విజయవాడ వచ్చే దారిలో మూడింట రెండు వంతులు.

మాటల్లో ఏసీ ప్రస్తావన వచ్చింది. మే నెలలో బెంజి సర్కిల్ ట్రాఫిక్‌లో ఏసీ గంటకి ఒక యూనిట్ తాగుతుందనుకుందాం. గంటకి 20 కిలోమీటర్ల వేగంతో పాకితే 100 కిలోమీటర్లకి ఐదు యూనిట్లు ఏసీకే పోతాయి. హైవేలో 80 మీద వెళ్తే అదే ఏసీకి ఒకటింపావు చాలు. గాలి లెక్క దీనికి తిరగబడుతుంది. 80లో గాలికి ఒక యూనిట్ పోయేచోట 120లో రెండుంపావు పోతుంది. ఊళ్లో చల్లదనం ఖరీదు, హైవేలో తొందర ఖరీదు.

తిరుమల కిరాయి గురించి కుర్రాడే చెప్పాడు: "పైకెక్కేటప్పుడు గుండె ఆగిపోద్దండీ, శాతం అలా పడిపోద్ది. దిగేటప్పుడు మళ్లీ ఎక్కుద్ది." అతని అనుభవానికి లెక్క సరిపోతుంది. 1,650 కిలోల బండిని ఏడొందల మీటర్ల ఎత్తుకి చేర్చాలంటే ఆ ఎత్తుకే మూడు యూనిట్లకి పైగా కావాలి. దిగేటప్పుడు అందులో మంచి వాటా రీజెన్‌తో తిరిగొస్తుంది. కొండ మీద నిండా ఛార్జింగ్ పెట్టి దిగితే మాత్రం ఆ వచ్చేదాన్ని పట్టడానికి బ్యాటరీలో చోటుండదు.

నన్ను నిజంగా బాధపెట్టేది షోరూములో చెప్పే అంకె. ఈ 45 యూనిట్ల కారుకి మన దేశపు అధికారిక ఎంఐడీసీ పరీక్షలో వచ్చింది 489 కిలోమీటర్లు. ఆ పరీక్షలో వేగం 90 దాటదు. సీ75 అనే పేరుతో, నిజం వాడుకలో వచ్చే దూరం 350 నుంచి 370 అని కంపెనీయే వేరే అంకె కూడా చెబుతోంది. అది మంచి పని. అయినా ఏ కంపెనీ కారైనా సరే, ఏ చక్రాలతో, ఏ టైర్లతో ఎంత వస్తుందో అంకె పక్కనే అచ్చు వేయాలి. బండి మీద బతికేవాడికి అల్లాయ్ వీల్స్ అమ్మే ప్రతి కొట్టులోనూ ఆ కాగితం కనబడాలి.

మేస్త్రి గాలి చూశాడు. డ్రైవర్ తలుపు తీస్తే స్తంభం మీద స్టిక్కర్ ఉంటుంది. దానిమీద రాసినదానికంటే ఆరేడు పాయింట్లు తక్కువుంది. తర్వాత అలైన్‌మెంట్ మిషన్ మీదికి ఎక్కించాడు. ముందు చక్రాలు రెండూ బయటికి తెరుచుకుని ఉన్నాయి. కొత్త టైర్ల లోపలి అంచు అప్పుడే అరగడం మొదలైంది. కొంచెం పక్కకి ఈడ్చుకుంటూ దొర్లే టైరు రబ్బరునీ కరెంటునీ రెంటినీ తింటుంది.

కుర్రాడు కాసేపు గచ్చు మీది సుద్దగీతల్ని చూశాడు. పాతవే బిగించమన్నాడు.

"మరి ఈ పద్దెనిమిదులు అమ్మి పెట్టనా?" అని మేస్త్రి అడిగితే, "అమ్మకు బాబాయ్, సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు వేసుకుంటా," అన్నాడు.