సముద్రంలో దాచిన రక్తపోటు

కరీబియన్ సముద్రంలోని సెయింట్ లూసియా ద్వీపంలో మా అల్లుడు ఒక పడవను మా కుటుంబానికి మాత్రమే అద్దెకు కుదిర్చాడు. రాడ్నీ బే నుండి పడమటి తీరం వెంబడి దక్షిణంగా సాగి, 2004లో ప్రపంచ వారసత్వ స్థలమైన పీటన్ శిఖరాల చెంతకు చేరాము. పగడపు దిబ్బలను, చేపలను చూడడానికి కళ్ళకు అద్దాలు, నోటికి శ్వాసగొట్టాలు అమర్చుకున్నాము.

“గుండెజబ్బు, రక్తపోటు ఎవరికైనా ఉన్నాయా?” అని పడవ నడిపే ఆయన అడిగాడు. ఏళ్ళ తరబడి రక్తపోటుకు మందులు వాడుతున్న నేను మౌనం వహించాను. మనవడి ఎదుట లైఫ్ జాకెట్ తొడుక్కోవడానికీ మనసొప్పలేదు. జబ్బులు దాచవద్దని రోగులను మందలించిన వైద్యుడినే నేను!

పది నిమిషాలకే ఆయాసం వచ్చింది. గొట్టం ఊడదీసి, వెల్లకిలా తిరిగి చెయ్యెత్తాను. అల్లుడు గమనించి నన్ను పడవకు చేర్చాడు.

మెడ వరకు నీట మునిగినపుడు నీటి ఒత్తిడి వలన కాళ్ళలోని రక్తం ఛాతీలోకి చేరి గుండెకు పని పెరుగుతుంది. గొట్టం ద్వారా శ్వాసించడానికి శ్రమ కూడా ఎక్కువే. పైగా గొట్టం నోటిలో ఉండగా కేక వేయలేము. బోర్లా తేలుతున్న మనిషి చేపలను చూస్తున్నాడో, స్పృహ తప్పాడో పైనున్న వారికి తెలియదు.

కావున పెద్దవారు ప్రయాణానికి ముందే తమ వైద్యుని సంప్రదించాలి. నీటిలోనికి జంటగా దిగాలి, లైఫ్ జాకెట్ ధరించాలి, మద్యం ముట్టరాదు. అడిగినపుడు నిజం చెప్పాలి. నాడు నన్ను ఆపదలోకి నెట్టినది సముద్రం కాదు, నా బిడియమే.