మావారి విమానం - నా టైలరింగు స్కేలు

మీ ఇంట్లో బీరువా మీద ఏముంటాయండీ? పాత సూట్‌కేసు, అట్టపెట్టెలో మిక్సీ, బొమ్మలకొలువు మెట్లు... అంతేగా! మా ఇంట్లో విమానాలుంటాయి. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. రెండు ఫోమువి, ఒకటి బాల్సా కర్రది. రెక్క ఈ చివర నుంచి ఆ చివరకి నాలుగడుగులు. దుమ్ము దులపాలంటే పసిపిల్లకి స్నానం చేయించినంత జాగ్రత్త కావాలి.

మావారు పాలిటెక్నిక్ వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. కాలేజీ రోజుల్లో ఎన్‌సీసీ ఎయిర్‌వింగులో ఉండగా పట్టుకున్న పిచ్చి ఇది. పెళ్ళయిన కొత్తలో నేను అమ్మకి చెప్పుకుని ఏడిస్తే, "తాగుడూ కాదు, పేకాటా కాదు. విమానమేగా, ఎగరేసుకోనీ" అంది. అంతటితో నా ఫిర్యాదు కొట్టేశారు!

మూడేళ్ళ కిందట ఆయనకి చేతులు వణకడం మొదలైంది. మొదట కాఫీ గ్లాసు కింద సాసరు చప్పుడు చేసేది. తర్వాత బ్యాంకులో సంతకం కుదరడం మానేసింది. డాక్టరుగారు చూసి, పార్కిన్‌సన్స్ కాదన్నారు, ఎసెన్షియల్ ట్రెమర్ అన్నారు. చెయ్యి ఊరికే ఒళ్ళో ఉంటే ఏమీ ఉండదు. ఏదైనా పట్టుకుంటేనే వణుకు, కంగారు పడితే ఇంకా ఎక్కువ. మందు రాశారు, కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు.

ఇక విమానం సంగతి. ఊరి బయట ప్లాట్లు వేసి ఇళ్ళు కట్టని వెంచరు ఒకటుంది, ఆదివారం పొద్దున్నే అక్కడికి వెళ్ళేవాళ్ళం. (2021 డ్రోన్ నిబంధనలు వచ్చాక మ్యాపులో మనం ఎగరేసే చోటు ఆకుపచ్చలో ఉందా, ఎరుపులో ఉందా చూసుకోవాలి. మీ పిల్లలకి ఈ సరదా ఉంటే ముందు అది చూడండి.) ఆ రోజు విమానం పైకి లేచింది గానీ తిన్నగా పోదే! గాలిపటం తోకలా పైకీ కిందకీ ఊగుతోంది. ఎలాగో దింపారు. ఇంటికొచ్చి బీరువా మీద పెట్టేశారు. "ఎండలెక్కువయ్యాయి" అన్నారు. ఎండలు తగ్గాక "గాలెక్కువగా ఉంది" అన్నారు. ఎనిమిది నెలలు గడిచాయి.

చెప్పొద్దూ, నాకు ఉండబట్టలేదు. ముప్పై ఏళ్ళ బట్టి ఆ రెక్క పట్టుకునీ, ఈ కడ్డీ అందించీ ఆ బొమ్మ గుట్టు నాకూ కాస్త తెలుసు. మీకూ చెబుతాను, కష్టమేం కాదు. రెక్క వెనక అంచున కదిలే పలకలుంటాయి, వాటిని ఐలెరాన్లంటారు. విమానాన్ని పక్కలకి ఒంచేవి అవే. తోక దగ్గర అడ్డంగా ఉన్నది ఎలివేటరు, ముక్కు ఎత్తడానికీ దించడానికీ. నిలువుగా ఉన్నది రడ్డరు. లోపల అగ్గిపెట్టెంత మోటార్లుంటాయి, వాటిని సర్వోలంటారు. చేతిలో రిమోటు మీద పుల్ల కదిలిస్తే సర్వో తిరుగుతుంది, సన్నటి కడ్డీ పలకని నెడుతుంది. పుల్లని చివరిదాకా లాగితే పలక ఎంత దూరం కదులుతుందో, ఆ కొలతని 'త్రో' అంటారు. మిల్లీమీటర్లలో చూస్తారు.

మావారికి పల్టీలు కొట్టించే సరదా. అందుకని ఎలివేటరుకి పైకి 16, కిందకి 16 మిల్లీమీటర్లు పెట్టుకున్నారు. వణకని చేతికి అది బాగానే ఉంది. వణికే చేతికి? పుల్ల ఇంత జరిగితే విమానం అంత ఎగిరిపడుతుంది. మరి ఆ 16ని తగ్గిస్తే పోలా అనుకున్నాను.

ఆయన పెన్షన్ ఆఫీసుకి వెళ్ళిన రోజు పని పెట్టుకున్నాను. ముందుగా ప్రొపెల్లర్ విప్పేశాను. దీంట్లో మాత్రం రాజీ లేదండోయ్. ప్లగ్గు పీకకుండా మిక్సీ బ్లేడు మీద చెయ్యి పెడతామా? ఇదీ అంతే, పొరపాటున మోటారు తిరిగితే వేళ్ళు తెగుతాయి. తర్వాత రిమోటు ఆన్ చేసి, ఆ తర్వాతే విమానంలో బ్యాటరీ కలిపాను. తీసేటప్పుడు ముందు బ్యాటరీ, తర్వాత రిమోటు. మెనూలో డ్యూయల్ రేట్ అని ఉంటుంది. వంద ఉన్నదాన్ని నలభైకి దించాను. జాకెట్లు కత్తిరించే స్కేలు తోక వెనక నిలబెట్టి చూస్తే 16 కాస్తా ఆరయింది. ఐలెరాన్లకీ అదే వైద్యం. ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం బతిమాలి తీసుకెళ్ళాను. ఎగరేసే ముందు ఆయన ఎప్పుడూ విమానం వెనక నిలబడి పుల్లలు కదిపి చూస్తారు. కుడికి అంటే కుడి ఐలెరాను పైకి, ఎడమది కిందకి. పుల్ల వెనక్కి లాగితే ఎలివేటరు పైకి. ఆ రోజు దిక్కు చూసుకున్నారు గానీ, ఎంత కదులుతోందో చూసుకోలేదు. నాకు గుండె దడదడ.

పైకి లేచిందండీ! ఊగలేదు. నూనె మీద దోసెగరిటె తిరిగినట్టు మెత్తగా తిరిగింది. మావారి ముఖం చూడాలి! అయిదు నిమిషాలు తిప్పి దింపబోయారు. అక్కడ వచ్చింది చిక్కు. నేల దగ్గరికొచ్చాక ముక్కు కాస్త ఎత్తాలి. ఆయన పుల్ల పూర్తిగా లాగారు. ముక్కు లేవలేదు. మొక్కజొన్న బుట్ట కిందపడినట్టు ధడాలున పడింది. ముందు చక్రం ఊడింది, ప్రొపెల్లర్ విరిగింది, ముక్కు దగ్గర ఫోము చిట్లింది.

ఇంటికొచ్చి రిమోటు తెరిచి చూశారు. "ఇది నలభై ఎవరు చేశారు?" అన్నారు. "నేనే" అన్నాను. రెండ్రోజులు మాట్లాడలేదు. కూరలో ఉప్పు ఎక్కువైనా అనలేదు, ఊహించుకోండి.

మూడో రోజు సాయంత్రం భోజనాల బల్ల మీద విమానం తెచ్చి పెట్టారు. "నా చేతులు వణుకుతాయని నాకు తెలీదనుకున్నావుటే?" అన్నారు. నాకు నోట మాట రాలేదు. ఆయనే మళ్ళీ, "ఇలా కూర్చో. తగ్గించడం తప్పు కాదు, తగ్గించిన పద్ధతి తప్పు" అన్నారు.

అప్పుడు తెలిసింది నాకు. విమానం జోరుగా పోతుంటే పలక కాస్త కదిలినా గాలి గట్టిగా తోస్తుంది. దిగేటప్పుడు వేగం తగ్గిపోతుంది కదా, గాలి తోపు కూడా తగ్గుతుంది, అప్పుడు పలక ఎక్కువ కదలాలి. నేను ఆ ఎక్కువనే కోసేశాను. పైన మెత్తగా తిరిగింది, కిందకొచ్చాక చేతిలో ఏమీ మిగల్లేదు.

మరి వణుక్కి మందేమిటి? దానికి 'ఎక్స్‌పో' అని వేరే ఉంది. అది చివరి కొలతని ముట్టుకోదు, మధ్యలో మాత్రం మెత్తబరుస్తుంది. పుల్లని సగం లాగితే మామూలుగా 16లో సగం, ఎనిమిది మిల్లీమీటర్లు కదలాలి. నలభై శాతం ఎక్స్‌పో పెడితే సుమారు ఐదున్నరే కదులుతుంది. పూర్తిగా లాగితే మాత్రం మళ్ళీ పదహారూ పదహారే. వణుకు ఉండేదంతా మధ్యలోనేగా! అక్కడ విమానానికి అది పెద్దగా తెలియదు. ఆపదొచ్చి గట్టిగా లాగితే మాట వింటుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. మెత్తబడటానికి ఫుటాబా రిమోట్లలో మైనస్ అంకె పెట్టాలి, స్పెక్ట్రమ్‌లో ప్లస్ పెట్టాలి. నేను ఎవరిదో వీడియో చూసి మైనస్ నలభై పెట్టాను. మా రిమోటుకి ప్లస్ కావాలిట! పుల్ల గోరంత కదిపితే ఎలివేటరు ఎగిరి గంతేసింది. బల్ల మీద కాబట్టి నవ్వుకున్నాం. అదే పైన అయితే...

ఇంకో సంగతి కూడా నేర్పారు. కొలత అంతా రిమోటులోనే కోసెయ్యకూడదట. అలా చేస్తే సర్వో తన బలంలో సగమే వాడుకుంటుంది. ముందు కడ్డీ తగిలించిన చిల్లు మార్చాలి. సర్వో చెయ్యికి వరసగా చిల్లులుంటాయి, లోపలి చిల్లుకి మారిస్తే కదలిక తగ్గుతుంది. పలక వైపున ఉండే కొమ్ముకి మాత్రం బయటి చిల్లు. తలుపు చూడండి, మడతబందు దగ్గర అంగుళం తోస్తే బార్లా తెరుచుకుంటుంది, గడియ దగ్గర అంగుళం తోస్తే సందు మాత్రం వస్తుంది. అదే లెక్క. ఇన్నేళ్ళు ఇంట్లో తలుపులు తీసీ వేసీ నేను ఇది గమనించనే లేదు.

మొత్తానికి కడ్డీని ఒక చిల్లు లోపలికి మార్చి, 16ని 14 చేశాం. స్విచ్చి పైకుంటే 14 మిల్లీమీటర్లు, ఎక్స్‌పో 45. కిందకుంటే 10 మిల్లీమీటర్లు, ఎక్స్‌పో 30. పైన తిప్పేటప్పుడు కిందకి, దింపే ముందు పైకి. కొలవడానికి స్కేలు వంగిపోతోందని, మా మేనకోడలి పెళ్ళి శుభలేఖ అట్ట కత్తిరించి గీతలు పెట్టాను. శుభలేఖ అట్టలు పారెయ్యకండి, ఎన్ని పనులకొస్తాయో! రెండు ఐలెరాన్లూ సమానంగా కదులుతున్నాయా అని అదే అట్టతో చూశాం. ఎడమది ఒక మిల్లీమీటరు తక్కువ. ఆయన పోనీలే అన్నారు. నేను ఒప్పుకోలేదు. రెండు చేతులూ సమానంగా లేని జాకెట్టు ఇస్తే నా దగ్గరికి మళ్ళీ ఎవరొస్తారు?

అమెరికాలో ఉన్న మా అబ్బాయి "గైరో పెట్టుకోండి నాన్నా, అదే సరిచేసుకుంటుంది" అన్నాడు. "అప్పుడు ఎగరేసేది అది, నేను కాదు" అన్నారు. ఆయన మొండితనం సంగతి మళ్ళీ ఎప్పుడైనా రాస్తాను. కానీ రిమోటు మెడలో వేసుకునే బెల్టుకి మాత్రం ఒప్పుకున్నారు. నా పాత హ్యాండుబ్యాగు బెల్టు విప్పి, మెడ దగ్గర దూది పెట్టి కుట్టాను. బరువు మెడ మీద పడితే చేతులకి శ్రమ తగ్గింది. పుల్లని బొటనవేలితో తొయ్యకుండా, ముగ్గు పట్టుకున్నట్టు బొటనవేలూ చూపుడువేలూ కలిపి పట్టుకున్నా వణుకు తగ్గుతుందని తర్వాత కనిపెట్టారు.

సంక్రాంతి వెళ్ళిన ఆదివారం మళ్ళీ వెళ్ళాం. గాలి లేదు. దింపేటప్పుడు ఆయన చేతులు వణకడం నాకు కనిపిస్తూనే ఉంది. విమానం మాత్రం చూరు మీద పావురం వాలినట్టు వాలింది. గడ్డిలో కొంచెం దొర్లి ఆగింది. "స్విచ్చి వేశారా?" అన్నాను. "నువ్వు గుర్తు చెయ్యకపోయినా వేశానులే" అన్నారు.

ఇంటికొచ్చాక ఆ అంకెలు మర్చిపోతామని నా వంటల నోటుబుక్కు తీశాను. ఆవకాయ కొలతల పేజీ కింద ఖాళీ ఉంది. నేను రాయబోతే, "ఇటివ్వు" అని పెన్ను తీసుకున్నారు. సంతకం కుదరక బ్యాంకులో ఇబ్బంది పడ్డాక ఆయన కాగితం మీద ఏదైనా రాయడం అదే మొదలు. ఆవపిండి, కారం, ఉప్పు కొలతల కింద, ఆయన వంకర అక్షరాల్లో ఉంది: పైకి 14, 45. కిందకి 10, 30.